వేలు లేచేలోగా

బెండిగోలో శనివారం, మూడో గ్రేడ్ మ్యాచ్.
కాంక్రీటు మీద పరిచిన పచ్చ చాప,
దాని చుట్టూ ఎండి తెల్లబడ్డ గడ్డి,
ఎవరిదో ఐసుపెట్టె మూత మీద ఒక మాగ్‌పై.
నా ప్యాంటు కుడి జేబులో ఆరు గుండీలు.
బంతికొకటి ఎడమ జేబులోకి.
పాత చొక్కాల్ని మసిగుడ్డలు చేసే ముందు
మాణిక్యం కోసి ఇచ్చినవి అయిదు,
ఆరోది ఆవిడ స్వెట్టరుది, పెద్దది.
అది వేలికి తగిలితే
ఓవరు అయిపోవచ్చిందని లెక్క.

నా పేరు వేదాద్రి. ఇరవై రెండేళ్ళుగా వీళ్ళకి వెడ్డోని.
ఈ సీజన్లో ఇంకో పేరు కూడా పెట్టారు.
నా వెనకే అనుకుంటారు గానీ
అది వినడానికి చెవులు బాగానే ఉన్నాయి.

పరీక్ష చేసిన అమ్మాయి చెప్పిందీ అదే.
చెవులకి వంక పెట్టలేం, అద్దాలూ సరిపోయాయి అని,
పెన్నుతో నా నుదుటి వైపు చూపించబోయి
మర్యాదకి ఆగిపోయింది.
నేనే పూర్తి చేశాను:
ఉత్తరాలన్నీ వస్తున్నాయమ్మా,
పంచేవాడికే మోకాళ్ళ నొప్పులు.
నవ్వింది.
ముందు పెదాలు కదిలాయి, తర్వాత నవ్వు వినపడింది,
డబ్బింగ్ సినిమాలోలాగా.

ఒకప్పుడు చూపూ చప్పుడూ
ఒకే గుమ్మంలోంచి భుజాలు రాసుకుంటూ వచ్చేవి.
ఇప్పుడు బంతి బ్యాటు దాటుతుంది,
కీపరు చేతుల్లో పడుతుంది,
కీపరు గాల్లోకి ఎగురుతాడు,
అప్పుడొస్తుంది 'టిక్' అని.
ఎక్కడిదది? బ్యాటు అంచుదా, ప్యాడు బకిలుదా,
షెడ్డు నీడలో ఎవరైనా కోక్ డబ్బా తెరిచారా?
తిరునాళ్ళలో తప్పిపోయిన పిల్లాడు అది.
ఎవరి తాలూకో మైకులో చెప్పించాలి.

పోయిన నెల ఒక కుర్రాడికి వేలెత్తాను.
పదిహేనేళ్ళుంటాయేమో కీలన్‌కి, అదే మొదటి మ్యాచ్.
మారు మాట అనలేదు.
బ్యాటు చంకలో పెట్టుకుని వెళ్తూ వెళ్తూ
దాని అంచుని బొటనవేలితో ఒకసారి తడుముకున్నాడు.

ఆ రాత్రి వంకాయ కూర కలుపుకుంటుంటే
వినపడింది నాకు.
ప్యాడు. అది ప్యాడు చప్పుడు.
ముద్ద సగం దారిలో ఆగింది.
'ఏమైంది?' అంది మాణిక్యం.
'నాటౌట్' అన్నాను.

అప్పట్నించీ నిదానిస్తున్నాను.
ఇదిగో ఇప్పుడు తాలియా బ్రెనన్
రెండు చేతులూ చాచి, మోకాళ్ళ మీద వాలి అరుస్తోంది.
స్లిప్పులు అరుస్తున్నాయి. బ్యాట్స్‌మన్ నన్నే చూస్తున్నాడు.
నేను కదలను.

కేకలు అలిసిపోయాయి.
స్క్వేర్ లెగ్గులో నిలబెట్టిన కుర్రాడితో కలిపి
పద్నాలుగు మంది
నా ఆలస్యంలో నిలబడి ఉన్నారు.
ఎంత ఎండగా ఉందో వాళ్ళకి ఇప్పుడే తెలిసినట్టుంది.
ఒకడు టోపీ తీసి మెడ తుడుచుకున్నాడు.
మాగ్‌పై ఐసుపెట్టె దిగి
చాప మీదుగా నడిచి వెళ్ళింది, తొందరేం లేకుండా.

అరవకండి. వస్తున్నాడు.
వీధి మలుపు తిరిగాడు, సంచీ కనిపిస్తోంది,
నా గుమ్మం దాకా రానివ్వండి.

జేబులో వేళ్ళకి
స్వెట్టరు గుండీ తగిలింది.
దాన్ని వదిలిపెట్టి
చెయ్యి బయటికి తీశాను.