మోగే కాయ

టవర్ క్లాక్ కాడ బొమ్మల అంగట్లోకి
నాయన చెప్పులు బయటే విడిచి వచ్చినాడు.
"వేసుకోనే రావచ్చు నాయనా" అంటే
"పసిబిడ్డలు నోట్లో పెట్టుకునే సామాన్లమ్మా" అన్నాడు.

అంగడి పిల్లోడు ముందు ఏనుగును దించినాడు.
కడుపు నొక్కితే ఇంగ్లీషు అక్షరాలు చెప్తాది.
తర్వాత లైట్లు తిరిగే రైలు,
తోక లాగితే పాడే చేప.
నాయన అన్నిటికీ మర్యాదగా తల ఊపినాడు,
వద్దనుకున్న సంబంధానికి ఊపినట్టు.
"ఆర్నెల్ల బిడ్డకి చదువెందుకప్పా,
గిలకలుంటే చూపీ."

అట్టపెట్టె బోర్లించి గిలకలు కుప్పపోసినాడు.
అప్పుడు చూడాల నాయనను.
నేల మీద గొంతుక్కూర్చుని
ఒక్కో గిలకను చెవి కాడ పెట్టి
రెండు వేళ్లతో, మణికట్టు కదలకుండా
ఆడించి ఆడించి వింటా ఉన్నాడు.

ఈ కూర్చోవడం నాకు తెలుసు.
కూడేరు దావలో మా ఎర్రచేని గట్టు మీద
చెట్టు పీకి, చెనక్కాయ తెంచి
నలభై ఏండ్లు ఇట్లే విన్నాడు.
గింజ డొల్లను విడిస్తే మోగుతాది.
మోగకుంటే తడి.
తడి కాయను మూటగడితే బూజు.

పచ్చ గిలకను విని "తడుందిది" అన్నాడు.
గులాబీ రంగుది "తాలు.
ఒగ గింజా నిండలేదు."
పిల్లోడు నా మొగం చూస్తే
నేను ఫ్యాను తట్టు చూసినాను.
పసుపుదాన్ని విని, కొరికినాడు.
"తాతా, కొరకొద్దు తాతా!"
"కొరికేది నేను కాదు నాయనా, మా బుడ్డక్క.
దాని పని నేను ముందుగా చేస్తాండా."
పగల్లేదు. వాసన చూసినాడు.
పంచె చెంగుతో తుడిచి, మళ్లీ చెవి కాడ పెట్టి
కండ్లు మూసుకున్నాడు.
"మూడు గింజల కాయ."

ధర నూటెనభై.
"తరుగెంత?"
పిల్లోడికి అర్థం కాలేదు.
"మేము మూటలేస్తే మన్నుకింత, తడికింత అని
మండీలో కోస్తారు గదా.
నీ సరుక్కి కోత లేదా?"
ఎందుకో తెలీకుండానే ఇరవై తగ్గించినాడు.

ఆటోలో, నాయన చొక్కా జేబులో,
గుంత గుంతకూ అది మోగింది.
"నాకు ఏ గిలక కొన్నావు నాయనా?"
"ఆ ఏడు కాయ బాగా పండింది" అన్నాడు.

బుడ్డక్క ముందు దాన్ని నమ్మలేదు.
చేతిలో పెడితే
ఆ చేయి ఎవరిదో అన్నట్టు చూసింది.
విదిలించింది. మోగింది. ఉలిక్కిపడింది.
ఎవరు చేసినారని నా తట్టు చూసింది,
తాత తట్టు, గోడ మీది బల్లి తట్టు.
మళ్లీ విదిలించి, నుదుటికి కొట్టుకుని
సగం ఏడ్చింది.
మోగినాదని మిగతా సగం మరిచిపోయింది.

మూడోసారి,
చేయి ఆపితే సద్దు ఆగింది.
ఆడిస్తే వచ్చింది.
ఇన్నాళ్లూ ఈ ఇంట్లో సద్దులన్నీ
కుక్కరుదో, నీళ్ల మోటారుదో, మా గొంతులవో.
ఇది తనది.
రెండు కాళ్లూ గాల్లో తన్నింది,
లంగోటీ ఊడేటంతగా.

కాయ పీకుడు ఉందని నాయన
ఆ మాపే చివరి బస్సుకు పోయినాడు.

మర్నాడు పొద్దు గూకినాక ఫోను.
బాగుండావా లేదు, తిన్నావా లేదు.
"మోగుతాందా?"
ఫోను తీసుకపోయి పిడికిలి కాడ పెట్టినాను.
బుడ్డక్క మోగించే పని మాని
గిలక అంచును చిగుర్లతో నములుతా ఉంది,
చొంగ మోచేతి దాకా కారుతా.
అటు పక్క నాయన శానాసేపు విన్నాడు.

"తడుందిలే" అన్నాడు.
"ఇంకో రెండెండలు పడనీ."