రెక్క లోతు

డెంటిస్టు రంగరాజు గారు కొత్తది కొనుక్కుని
పాతది నా చేతిలో పెట్టారు.
అగ్గిపెట్టెలో సగం. లోపల గుండీ బ్యాటరీ.
"ఎడమ క్రాంకుకి కట్టుకో ఏసుపాదం,
నిమిషానికి ఎన్ని చుట్లు తొక్కుతున్నావో చెబుతుంది."

చుట్లు లెక్కెట్టడం నాకు కొత్తా?
లోసరి నుంచి గొల్లవానితిప్ప దాకా
రొయ్యల చెరువుల్లో తిరిగే ఏరియేటర్లకి
పదమూడేళ్లుగా నేనే వైద్యుణ్ణి.
గట్టు మీద కళ్లు మూసుకుని నిలబడితే చాలు,
ఏ బేరింగు అరిగిందో, ఏ గేరుబాక్సులో నీళ్లు దిగాయో
చప్పుడే చెబుతుంది.

నా కాళ్ల చప్పుడు మాత్రం
ఎప్పుడూ వినలేదు.

మొదటి పొద్దు, యనమదుర్రు డ్రైను గట్టు.
హ్యాండిల్ మీద రబ్బరు బ్యాండేసి కట్టిన ఫోను,
తెర మీద యాభై ఎనిమిది.
ఒంట్లో ఉన్నదంతా పెట్టి తొక్కాను. అరవై ఒకటి.
తొంభై ఉండాలన్నారు డాక్టరు గారు.
తొంభైయే!
మేత బస్తా వెనక కట్టుకుని
బురదలో తొక్కి తొక్కి ముదిరిన కాళ్లివి,
బరువు తగిలితేనే పని చేసినట్టు వీటికి.

తేలిక గేరులో వేస్తే
జీను మీద ఎగిరెగిరి పడ్డాను,
పెనం మీద ఆవగింజలా.
మేత జల్లుతున్న కుర్రాడు చెరువులోంచి అరిచాడు:
"బాబాయ్, చైను ఊడిపోయిందా?"

వారం గడిచింది. మోకాలి చిప్ప కింద
ఇసక పోసినట్టు గరగర.
దీవెన ఆముదం కాచి రాస్తూ
"ఆ పెట్టెకి లెక్కలొచ్చు గానీ నొప్పి తెలుసా" అంది.

బుధవారం, అప్పారావు గారి చెరువు.
కొత్తగా దించిన ఏరియేటరు, రెండు రోజులకే
మోటారు కమురు వాసన.
నడుము లోతు నీళ్లలో దిగి చూస్తే
రెక్కలు జానెడు మునిగి ఉన్నాయి.
ఆయనకదే సంబరం, బాగా తోడుతోందని.
"తోడట్లేదండి, చెరువంతా మోస్తోందండి.
రెక్క నీటిని నాలుగు వేళ్లే కొరకాలండి,
కొరికి వదిలెయ్యాలండి,
లేపోతే గేరుబాక్సు..."
అంటూ అంటూ ఆగిపోయాను
చేతిలో స్పానరుతో.
ఎన్ని చెరువుల్లో చెప్పానో ఈ మాట!

ఫ్లోటు బోల్టులు విప్పి ఫ్రేము పైకెత్తాను.
సాయంత్రం సైకిలు వెనక
పెద్ద పళ్లచక్రం మీదికి చైను ఎక్కించాను.

అరవై ఎనిమిది. డెబ్భై రెండు.
సముద్రం వైపు తిరిగితే ఎదురు పైరగాలి.
మా దగ్గర కొండల్లేవు, గాలే మా కొండ.
డెబ్భై ఎనిమిది దగ్గర ఎక్కణ్ణుంచో
నాకు బాగా తెలిసిన చప్పుడొకటి పుట్టింది.
కాసేపు ఫోను చూడ్డం మానేశాను.

మొన్న రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
అవతలి చెరువు మీద జనరేటరు అందుకోవట్లేదని ఫోను.
బండి బావమరిది పట్టుకెళ్లాడు.
చీకట్లో ఆరు కిలోమీటర్లు,
ఏ గేరో ఎరగను, గాలి ఎటుందో ఎరగను.

డీజిలు పైపులో గాలి. నోటితో లాగి ఉమ్మి
హ్యాండిల్ తిప్పితే మూడోసారికి దగ్గింది.
టార్చి వేస్తే గట్టు వారంతా రొయ్యల కళ్లు,
ఊపిరాడక పైకొచ్చిన ఎర్రటి నిప్పురవ్వలు.
ఫ్యాన్లు తిరిగేకొద్దీ
ఒక్కొక్కటే కిందికి ఆరిపోయాయి.

పొద్దున్నే ఫోను తెరిచాను.
యాభై ఏడు.
మొదటి రోజు కన్నా ఒకటి తక్కువ.
భయమేస్తే కాళ్లు పాత బస్తాల దగ్గరికే పోతాయి కామోసు.

"ఎంత?" అంది దీవెన.
అబద్ధమాడదామనిపించింది.
"యాభై ఏడు."
"రొయ్యలో?"
"బతికాయి."
"మరి ఆ సంగతి చెప్పదేం నీ పెట్టె?"
అని టీ గ్లాసు నా ముందు పెట్టి వెళ్లింది.

క్రాంకు మీద ఎండిన బురద గోటితో గీకి
రబ్బరు బిగించి గట్టెక్కాను.
అరవై నాలుగు.