పదకొండో ప్రశ్న

"మీ ఇంటి చెత్తను కరెంటుగా మార్చే పనికి
నెలకు ఎంత ఇవ్వగలరు?"
కాగితం మీద ఒక్క వాక్యమే.
పెరంబూరు మెట్లెక్కేసరికి
అది సగం అరవం, సగం తెలుగు, కాస్త ఆయాసం.

మొదటి అంతస్తులో గొలుసు తీయకుండానే
తలుపు సందులోంచి ఒక కన్ను అడిగింది:
"ఇన్నాళ్లూ కట్టిన పన్ను ఏ గంగలో కలిసింది?"
సున్నా దగ్గర టిక్కు పెట్టాను.

ఎదురింటివాళ్లు అద్దెకున్నారట.
"ఇల్లు మాది కాదు, చెత్త మాత్రం మాదెలా అవుతుంది?
ఓనర్నడగండి."

రెండో అంతస్తులో కన్నబిరాన్ నాయుడు గారు
కుర్చీ వేసి, మజ్జిగిచ్చి,
వంకాయలకు ఆడినట్టు బేరమాడారు.
నేను యాభై అంటే ఆయన ముప్పై,
సరే ముప్పై అంటే
"ముందు మా సందులో దీపం వెలుగుతుందా చెప్పు."
బొగ్గింజను పొయ్యిలో పార పట్టిన రోజుల గురించి
అరగంట మాట్లాడి, ఎవరూ అడక్కుండానే
తనే వందకెక్కారు.
"తడిది మండదమ్మా. తడి బొగ్గే మా ఉసురు తీసేది.
తడీ పొడీ విడదీయడం
ఈ జనానికి ఎవడు నేర్పుతాడు?"
ఆయన కుర్చీ పక్కన ఒకే కవర్లో
అరటి తొక్కలు, మాత్రల అట్టలు, నిన్నటి సాంబారు.

కొడుంగైయూరు గుట్ట మీద నుంచి గాలి వీచిన పూట
ఈ వీధి నూటయాభై అంటుంది.
సముద్రపు గాలి తిరిగితే ఇరవై.
గాలి ఎటుందో రాసే గడి
నా కాగితంలో లేదు.

కింద బండి దగ్గర పెంచలమ్మ
చేతి తొడుగు విప్పి, చెంగుతో మెడ తుడుచుకుంటూ,
"ఏంది పాపా, రాసుకుంటా ఉండావు?"
చెప్పాను.
"నన్నడగవా?"
జాబితాలో డోర్ నంబర్లే ఉన్నాయన్నాను.
"మా తాత నెల్లూరి నుంచి వచ్చి ఈ వీధులే ఊడ్చినాడు.
నంబరు లేకపోతే పోయె. పది రూపాయలు రాసుకో."
రాశాను, పెన్సిలుతో, అంచులో.
"అయితే ఒక మాట.
నేనేరుకునే సీసాలు, అట్టలు
అవీ ఆ మిషను నోట్లోకేనా?
దాని కడుపు నిండినాకనా నాకు?"
షరతులకూ గడి లేదు.
మార్జిను అప్పటికే నిండిపోయింది.
కాగితం తిప్పి వెనక రాశాను.

రాత్రి హాస్టల్లో లెక్క కడితే
సగటు నలభై ఒక్క రూపాయి.
నలభై ఒకటన్న మనిషి
ఆ వీధిలో ఒక్కరూ లేరు.
ఫోన్లో సార్ అన్నారు,
"జాబితాలో లేనిది తుడిచెయ్. లెక్క చెడుతుంది."

రబ్బరు చేతిలోకి తీసుకున్నాను.
అప్పుడే గాలి మళ్లింది.

ముందు లేచి
కిటికీ మూశాను.