యాభై మూడో రోజు

న్యూవార్క్‌లో, ఫెర్రీ స్ట్రీట్ వెనక సందులో
దెయోలిండా క్వారెజ్మా రొట్టెల బట్టీ.
పక్కగోడకు పగులు.
పగులు వెంట పెన్సిలు గీతలు, తేదీలు.
పిల్లల ఎత్తు కొలిచినట్టు కొలిచిందావిడ:
మార్చి తొమ్మిది, నువ్వుగింజ మందం.
జూన్ ఇరవై, చిటికెనవేలి గోరు.
ఆగస్టులో మానేసింది,
వేలు లోపలికి దూరిపోతోందని.

నన్ను పిలిచింది ఆవిడ కాదు, ఆవిడ లాయరు గెరైటీ.
ఊపిరి తిప్పుకోకుండా ఫోనులోనే చట్టం చెప్పాడు:
కట్టడానికి లెక్కలు కట్టినవాడి మీద దావా నిలవాలంటే
గోడ పగిలిందని చెప్పడానికి గోడ చాలదట.
అదే లైసెన్సు ఉన్న ఇంకొకడు
ప్రమాణం చేసి కాగితం రాయాలి,
ఆ పనిలో ఉండాల్సిన జాగ్రత్త లోపించిందనడానికి
సహేతుకమైన అవకాశం ఉందని.
ప్రతివాది జవాబు వేసిన నాటినుంచి అరవై రోజులు.
తగిన కారణం చూపిస్తే, జడ్జి ఒప్పుకుంటే, ఇంకో అరవై.
"ముందు ఏది కూలుతుంది, గోడా? కేసా?" అన్నాను.
ఆయన నవ్వలేదు.

ఆవిడ మేనల్లుడు ప్లంబరు. మొదటి నెలలోనే చెప్పాడట,
"అత్తా, ఈ కింద పూడ్చేసిన వాగుంది,
నీ పునాది తడి మీద కూర్చుంది" అని.
నిజమే చెప్పాడు.
లైసెన్సు లేని నిజం కోర్టు గుమ్మం దాటదు.
ఇటుకలు పేర్చిన మేస్త్రీ మాటా అంతే.
ఆర్కిటెక్టు మీదైతే ఆర్కిటెక్టు,
ఇంజనీరు మీదైతే ఇంజనీరు.
ముల్లును తీయడానికి ముల్లే కావాలి.

ఆ ముల్లుని నేను. జిగ్మంట్ మాజురెక్, డెబ్భై ఒకటి.
నలభై నాలుగేళ్లు దూలాలకు లెక్కలు కట్టినవాణ్ణి.
వంటబల్ల మీద నకళ్లు పరిచి, నాలుగు మూలలా
ఉప్పుడబ్బా, కప్పు, కళ్లజోడు పెట్టె, మందుసీసా బరువు పెట్టి
చూస్తున్నాను.
అందమైన గీత అతనిది. ఒప్పుకోవాలి.
రెండో అంతస్తు దూలం, ఊచలు, అతుకులు,
వేలు పెట్టడానికి చోటు లేదు.
మూడో షీటు అడుగున, చీమతలంత అక్షరాల్లో:
"నేల మోయగల బలం: ఊహించినది."

ఊహించినది.

బోరు వేయలేదు. పిడికెడు మట్టి పైకి తీయలేదు.
"తనిఖీ చేసినవారు" అనే గడి
తెల్లగా, ఖాళీగా.

కాంట్రాక్టరు ఆర్కిటెక్టును చూపిస్తాడు,
ఆర్కిటెక్టు ఇంజనీరును, ఇంజనీరు నేలను.
తిలాపాపం తలా పిడికెడు పంచుకున్నాక
పగులు మాత్రం మొత్తం ఆవిడకే.

ఇక్కడ నేనొకటి చెప్పాలి, ఏ కాగితంలోనూ రాయనిది.
ఎనభై ఏడులో, బయోన్‌లో ఒక బడికి నాలుగు గదులు.
శుక్రవారం సాయంత్రం. పక్క స్థలం మట్టి లెక్కను
నా షీటు మీదికి దించేసి దీపం ఆర్పాను.
ఆ గడి నేనూ ఖాళీగానే వదిలాను.
ఆ గదులు ఇంకా నిలబడే ఉన్నాయి. అప్పుడప్పుడు అటు వెళ్తాను,
ఎందుకో ఎవరికీ చెప్పకుండా.
నేల నన్ను క్షమించింది, అతన్ని క్షమించలేదు.
మా ఇద్దరి మధ్య తేడా అంతే.
అంత మాత్రానికి
అతని తప్పు తప్పు కాకుండా పోతుందా?

గెరైటీ చిత్తుప్రతిలో "నిస్సందేహంగా" అని ఉంది.
కొట్టేశాను.
"అవకాశం ఉంది" అని రాశాను. చట్టం అడిగింది అంతే,
నాకు చేతనైందీ అంతే.
బ్యాంకు కౌంటరు దగ్గర నోటరీ పిల్ల
చూయింగ్ గమ్ బుగ్గన పెట్టుకుని అడిగింది,
"ఇందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేస్తారా?"
గొంతు సర్దుకోవడానికి కొంచెం టైము పట్టింది.

తిరిగి వెళ్తూ బట్టీ దగ్గర ఆగాను.
దెయోలిండా వేడి రొట్టె చుట్టి ఇవ్వబోయింది.
సాక్షి తినకూడదట, లాయరు మాట, వద్దన్నాను.
ఆవిడకు అర్థం కాలేదు; ముఖం చిన్నబుచ్చుకుంది.
గోడకు దారంతో వేలాడుతున్న ఆవిడ పెన్సిలు తీసి
ఆగస్టు కింద రాశాను:
ఫిబ్రవరి పన్నెండు.
పదకొండు మిల్లీమీటర్లు.