పరాన్నం

ఎన్నూరులో వాగు సముద్రంలో పడే చోట
మోకాటి లోతు బూడిద నీళ్ళలో వంగి
దేశమ్మ ఆల్చిప్పలు ఏరుతుంది.
పెద్దవి బజారుకి. అంచుల్లో నలకలంటిన పిల్లవి మాకు.
"ఈ నూకలకా ఇంత చదువు?" అని
ప్రతి వారమూ నవ్వుతుంది, ప్రతి వారమూ
మరో పది రూపాయలు ఎక్కువ అడుగుతుంది.

తండయార్‌పేటలో, ఐసు ఫ్యాక్టరీ మేడ మీద మా గది.
గాజుతొట్టిలో ఆల్చిప్ప తలుపు ఓరగా తెరుస్తుంది.
గుమ్మంలో కూర్చుని ఉంటుంది నత్త,
నూకలో సగం, తెల్లగా.
లోపలికి వెళ్ళదు.
అక్కణ్ణించే తొండం చాపి
దొరికినంత తాగుతుంది.
పళ్ళు లేవు. ఏ తాతల కాలంలోనో పోయాయి,
నమిలే పని లేక.

బొమ్మ గీయడం నా ఉద్యోగం.
కొన దగ్గర పెన్సిలు ఆగిపోతుంది ఎప్పుడూ.
పుట్టినప్పటి చుట్టు ఎడమకి,
పెరిగాక చుట్లన్నీ కుడికి.
ఎక్కడ మనసు మార్చుకుందో
ఆ ఒక్క మెలిక గీయడానికి నాకు రెండు రోజులు.

చుట్టు చూసి చుట్టరికం కట్టే శాస్త్రం మాది.
చాలా ఏళ్ళు వీటిని ఒక ఇంటిపేరు కింద ఉంచారు.
తర్వాత, కాదు, పొరపాటు,
వానకి తోటలోకొచ్చే నత్తలకి
ఇవి దూరపు బంధువులన్నారు.
నత్తలకి ఎవరూ కబురు పంపలేదు.

పరాంకుశం మాస్టారు కార్డులు నింపుతారు.
చోటు. లోతు. నీటి ఉప్పదనం. గుల్ల మీద గీతలెన్ని.
'బతుకు తీరు' అన్న గడిలో
'పరాన్నభుక్కు' అని రాయాలి. అయిదక్షరాల పని.
'ప' రాసి, ఆగి,
కలానికి మూత పెట్టేశారు.

నాయుడుపేటలో ఆయన వారాలు చేసుకుని చదివారు.
సోమవారం కరణంగారిల్లు.
మంగళవారం వకీలుగారిల్లు, పులుసులో ముక్కలుండవు.
బుధవారం ఆవిడ పేరు గుర్తులేదు,
వడ్డించే చేతి గాజుల చప్పుడు గుర్తుంది.
శనివారానికి ఎవరూ ఒప్పుకోలేదు.
బడి వరండాలో మంచినీళ్ళు తాగి లెక్కలు చేసేవారట.
ఇదంతా నాకు చెప్పలేదు.
ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను.

"ఒక్క గుమ్మమే పట్టుకుంటుందా, గుమ్మాలు మారుస్తుందా?
అది తేలకుండా పేరేం పెడతాం?" అన్నారు మర్నాడు.
ఏడు రకాల చిప్పలు తెప్పించారు.
రాత్రుళ్ళు టార్చి వేసి నేను కాపలా.
అయిదింటి దగ్గర కూర్చుంది.
ఆరోది దాన్ని చూసి మూసుకుందో
మామూలుగానే మూసుకుందో చెప్పలేను.
ఏడోది చచ్చిపోయి వచ్చింది, దేశమ్మ డబ్బు తిరిగివ్వలేదు.

ఆఖరి సీసాలోది ఇసుకలో దొరికింది.
దగ్గర్లో ఏ చిప్పా లేదు.
కార్డు మీద తేదీ తప్ప ఇంకేమీ రాయని మనిషి
తేదీ వేసి, పక్కన, చిన్న అక్షరాల్లో
శనివారం అని రాశారు.

నేను క్యాలెండరు చూశాను.
ఆ రోజు బుధవారం.