మృగశిర, జ్ఞానాపురం

మొదటి వాన ఎప్పుడూ నల్లగానే దిగుతుంది మాకు.
హార్బరు బొగ్గుపొడి వేసవంతా రేకుల మీద పేరుకుని
ఒక్క రాత్రిలో కిందికొస్తుంది.
ఆ నీళ్లు ఎవరూ పట్టరు.

కాసులమ్మకి చిల్లులన్నీ కంఠతా:
గుమ్మం దగ్గర సత్తు గిన్నె,
మంచం మీద పెరుగు డబ్బా.
దేవుడి పటం దగ్గర మాత్రం ఏమీ పెట్టదు,
"ఆయనే సూసుకుంటాడు" అంటాది.

ఉప్పు నీరయింది. అగ్గిపుల్ల అంటుకోదు.
ఎండుచేపల వాసన దుప్పట్లోకొచ్చి పడుకుంది.
ఫ్యాను రెక్కలకి ఆరేసిన యూనిఫాం
కరెంటు రాగానే గిర్రున తిరిగి
మా వాడి మీద ఇంకో వాన కురిపించింది.

తెల్లారేసరికి యారాడ కొండ లేదు.
గెడ్డ మా వీధిలోకొచ్చేసింది.
కాసులమ్మ చీర ఎగ్గట్టి
గుమ్మానికి అడ్డంగా ఇసకమూట పడేసి
దానిమీదే కూర్చుని టీ తాగుతోంది,
గుటకకీ గుటకకీ మధ్య
గ్లాసు మీద అరచెయ్యి మూతపెట్టి.