ఎర్త్ తీగ

తాళం తిప్పితే టక్ అంది. అంతే.
ఇంకోసారి తిప్పాడు ఇద్రీస్. టక్.
ముసలి ప్యూజో, నాలుగు వందల నాలుగు,
షోవా గేటు పక్కన కోటగోడ నీడలో
అలిగిన పెద్దమ్మలా కూర్చుంది.
వెనక సీట్లో ఉల్లిపాయల బస్తాతో ఒకామె
దిగాలో వద్దో తేలక
కాళ్ళతో చెప్పులు వెతుక్కుంటోంది.

హరార్‌లో ప్రతివాడూ మెకానిక్కే.
బ్యాటరీ పోయిందన్నాడు టీ కొట్టువాడు.
స్టార్టర్ కాలిందన్నాడు గాడిదను తోలుకెళ్తున్నవాడు.
దిష్టి, అంది ఉల్లిపాయలామె.
ఇద్రీస్ ఎప్పటి మాటే అన్నాడు:
"మా బావమరిది రెమ్జీ. కుళ్ళిన ఇంజను అంటగట్టాడు."
ఆర్నెల్లుగా వాళ్ళిద్దరికీ మాటల్లేవు.

"చేతులు జేబులో పెట్టుకో" అన్నాను సబ్రీతో.
"ముందు విను."
పదహారేళ్ళవాడు, పానా పట్టుకుంటే గానీ ఊపిరాడదు వాడికి.
టకటకమని గొణిగితే బ్యాటరీకి ఆకలి.
గిర్రుమని ఊరికే తిరిగితే పళ్ళు అరిగాయి.
ఒక్క టక్ అని నోరు మూసుకుంటే
ఎవరో మధ్యలో దారి కాశారు.
అయినా ఇక్కడ వినడం కష్టమే,
వెనక దర్జీల వీధి. ఆ వీధి పేరే దాని చప్పుడు:
మెకీనా గిర్ గిర్.

లైట్లు వేయించాను. పట్టపగలు కదా,
అరచేయి అడ్డం పెట్టి చూశాం.
తాళం తిప్పినా దీపం వాడలేదు.
కరెంటు ఉంది, కదలడం లేదు.

బంపరు దగ్గరి బెజ్జంలోంచి హ్యాండిల్ దూర్చి,
బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉంచి
(ఎదురు తిరిగితే మణికట్టు విరుగుతుంది, మా నాన్నది విరిగింది)
ఒక్క విసురు విసిరాను.
దగ్గి, ఉమ్మి, లేచి నిలబడింది ఇంజను.
ఇద్రీస్ మొహం చూడాలి అప్పుడు!
"ఆపెయ్" అన్నాను. "బాగైందనుకోకు.
ఇంజను తప్పేం లేదని తెలిసింది, అంతే."

మీటరు తీగ ఒకటి ఇంజను ఒంటికి,
ఇంకోటి బ్యాటరీ మైనస్‌కి.
ఆ రెంటి మధ్యా ఏమీ ఉండకూడదు.
తాళం తిప్పగానే సూది తొమ్మిది దాటింది.
మీటరు చెడిపోయింది, అన్నాడు సబ్రీ.

ప్లస్ వైపు అందరూ తడుముతారు,
ఎర్రగా ఉంటుంది, కళ్ళబడుతుంది.
వెళ్ళిన కరెంటు తిరిగొచ్చే దారి కూడా ఉండాలని
ఎవరికి గుర్తుంటుంది?
ఇంజనుకీ బాడీకీ మధ్య
జడలా అల్లిన రాగి పట్టీ ఒకటి
మసి పట్టి, బల్లిలా అంటుకుని ఉంది.
బోల్టు విప్పాను.
కింద నీలం.
కొత్త, మందపాటి, మెరిసే నీలం రంగు.

పోయిన పండక్కి ఇద్రీసే వేయించాడు,
బానెట్ లోపల కూడా, మూడు కోట్లు,
ఎవరూ చూడని చోటు కూడా ముద్దుగా ఉండాలని.
పెయింటరు ఆ రంగు మీదే పట్టీ బిగించేశాడు.

ఎమరీ పేపరుతో గీకాను,
బిర్ నాణెమంత ఇనుము తెల్లగా తేలేదాకా.
బిగించి, గ్రీజు పూసి, "తిప్పు" అన్నాను.
సగం తిప్పకముందే అందుకుంది.

స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు ఇద్రీస్.
"రెమ్జీకి తెలుసా ఈ రంగు సంగతి?"
"నీకే తెలీదు, వాడికెలా తెలుస్తుంది?"
ఎంతివ్వాలి అన్నాడు. ఎమరీ పేపరు డబ్బులు చాలన్నాను.
టీ కొట్టువాడు నా మంచితనాన్ని మెచ్చుకున్నాడు.
ఉల్లిపాయలామె నాలుగు గడ్డలు నా ఒళ్ళో పోసింది.

సాయంత్రం షట్టరు దించుతుంటే సబ్రీ అడిగాడు:
"నూరియక్కా, రంజాన్ ముందు
అతనికి కొత్త బ్యాటరీ అమ్మింది మనమే కదా?"
అవును.
"అప్పుడు వినలేదా?"
దర్జీల వీధి ఇంకా కుడుతూనే ఉంది.
ఆ రోజు చాలా పనుందిరా, అన్నాను.
వాడు ఏమీ అనలేదు.
చేతులు జేబులో పెట్టుకున్నాడు.